అట్ట చూడగానే ఏ పాటో తెలియాలి

ప్రశ్న: డిగ్రీలో జర్నలిజం చదువుతున్నాను. ప్రాజెక్టు కింద ఒక సంగీత పత్రికకు అట్ట, విషయసూచిక, ఒక డబుల్ స్ప్రెడ్ (పక్కపక్కనే తెరుచుకునే రెండు పేజీలు) చేసి ఇవ్వాలి. ‘ఆ తరహా పత్రికల సంప్రదాయాలు పాటించాలి’ అన్నారు మా మేడమ్. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ముందు ఏ సంగీతమో తేల్చుకోండి. సంగీత పత్రికలన్నిటికీ కలిపి ఒకే రూపం లేదు. రాక్‌కు నలుపు, ఎరుపు, తెలుపు, లావాటి అక్షరాలు, దగ్గరగా కోసిన ఫొటో. పాప్‌కు గులాబీ, పసుపు రంగులు, అట్ట నిండా చిన్నచిన్న బొమ్మలు. శాస్త్రీయ సంగీతానికి వాద్యంతో ఒక్క కళాకారుడు, లేత రంగు నేపథ్యం, నాలుగే నాలుగు మాటలు, మిగతాదంతా ఖాళీ. 1981లో బ్రిటన్‌లో మొదలైన రాక్ పత్రిక ‘కెరాంగ్’ పేరులోని అక్షరాలు పగిలిన అద్దంలా ఉంటాయి. లోపల గిటార్ల హోరు ఉందని పేరే చెప్పేస్తుంది. అదే ఆకారం వీణ కచేరీల పత్రికకు పెడితే పాఠకుడు పొరబడతాడు.

మీరు ఎంచుకున్న తరహాకు చెందిన మూడు వేర్వేరు పత్రికలు పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలవండి: పత్రిక పేరు ఎత్తు ఎంత, ఫొటోలో కళ్లు పైనుంచి ఎంత దూరంలో ఉన్నాయి, అట్ట మీద ఎన్ని శీర్షికలు, ఎన్ని రంగులు. మూడింటిలోనూ కనబడేది సంప్రదాయం. ఒక్కదానిలోనే ఉంటే అది ఆ పత్రిక సొంత ముద్ర, దాన్ని ఎత్తుకురావద్దు.

ఏ4 అట్ట 29.7 సెంటీమీటర్ల ఎత్తు. పేరును పై 6 సెంటీమీటర్లలో సర్దండి. ఛాతీ నుంచి పైకి ఒక్క ఫొటో, చూపు కెమెరాలోకి. శీర్షికలు ఐదారు చాలు. ప్రధాన శీర్షికలో కళాకారుడి పేరు మిగతావాటికి కనీసం రెట్టింపు సైజులో ఉండాలి. బస్టాండు దుకాణాల్లో పత్రికలను ఒకదాని మీద ఒకటి పడేలా క్లిప్పులతో తాడుకు వేలాడదీస్తారు. కనబడేది పై భాగం, ఒక అంచు. అందుకే ముఖ్యమైన మాట కింద కుడి మూలకు పోకూడదు. ఆ మూల బార్‌కోడ్‌కు వదిలేయండి. దాని మామూలు సైజు సుమారు 37 × 26 మిల్లీమీటర్లు. అట్ట రంగుకు జత కుదురుతుందని ఎర్ర గీతలతో వేయకండి. స్కానర్ ఎర్ర కాంతికి ఎరుపు తెల్లగానే కనిపిస్తుంది, కోడ్ చదవదు.

పత్రిక పేరు మీదికి కళాకారుడి తల రావడం పాత పత్రికలకు చెల్లుతుంది. కొత్త పత్రిక ఒక్క అక్షరం కూడా దాచుకోలేదు.

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది విషయసూచికలో. అట్ట మీద ఊరించిన ప్రతి అంశం అదే మాటలతో, పేజీ నంబరుతో అక్కడ దొరకాలి. డబుల్ స్ప్రెడ్‌కు ఎడమ పేజీ నిండా ఫొటో, కుడి పేజీలో ఇంటర్వ్యూ. ఫొటోలోని మనిషి చూపు మేటర్ వైపుంటే మంచిది. ముఖం మాత్రం మడత మీద పడకూడదు.

ప్రశ్న: ఇంగ్లిష్ పత్రిక లేఅవుట్‌లో తెలుగు మేటర్ పోస్తే వికారంగా ఉంది. వరుసలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, మాటల మధ్య కంతలు, ఒత్తులు విడిపోతున్నాయి.
– డీటీపీ ఆపరేటర్, కర్నూలు

జవాబు: ఇవి మూడు వేర్వేరు జబ్బులు. ఇంగ్లిష్‌లో 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల లైన్ ఎడం సరిపోతుంది. మనకు పైన గుడులు, కింద ఒత్తులు. 11 పాయింట్లకు 16 ఇచ్చి చూడండి, ‘స్త్రీ’ కింద ‘కీర్తి’ వచ్చినా తగలదు.

కంతలకు కారణం కాలమ్ వెడల్పు. ఏ4లో మూడు కాలమ్‌లు చేస్తే ఒక్కోటి 5.7 సెంటీమీటర్లు మిగులుతుంది. మన పొడుగు మాటలు నాలుగు కూడా పట్టవు. దాన్ని రెండువైపులా సమం చేస్తే ఖాళీ అంతా మాటల మధ్యే చేరుతుంది. రెండు కాలమ్‌లు చేసి సమం చేయండి, లేదా మూడు ఉంచి కుడి అంచు సమం చేయకుండా వదిలేయండి.

ఒత్తులు విడిపోయేది యూనికోడ్ ఫాంట్‌తోనే అయితే ఇన్‌డిజైన్ పేరాగ్రాఫ్ మెనూలో ‘అడోబ్ వరల్డ్ రెడీ’ కంపోజర్ ఎంచుకోండి. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టిన మేటర్‌ను ముందు కన్వర్టర్‌లో మార్చుకోవాలి, మార్చాక ప్రూఫు తప్పనిసరి.

ఇంటర్వ్యూ మొదట్లో పెద్దక్షరం వేస్తే ‘స్వరం’లో ‘స్వ’ మొత్తం పెద్దది కావాలి, ‘స’ ఒక్కటే కాదు. ఒత్తు కిందికి దిగుతుంది కాబట్టి దాని కింద ఒక వరుస అదనంగా వదలండి. పత్రిక పేరు ఇంకా ఖరారు కాకపోతే ఇది కూడా చూసుకోండి: ‘శ్రుతి’కి పైనా కిందా సామాను ఎక్కువ, ‘నాదం’ అదే జాగాలో చాలా పెద్దగా కూర్చుంటుంది.

ప్రశ్న: చెక్కభజన మీద ప్రత్యేక సంచిక తెస్తున్నాం. రాక్ పత్రికలా చేద్దామని నేను, భక్తి కాబట్టి శాస్త్రీయ పత్రికలా ఉండాలని మా మిత్రుడు.
– పాఠకుడు, కడప

జవాబు: మీ వైపే మొగ్గుతాం, సగం వరకు. చెక్కభజనలో అడుగుంది, ఊపుంది, గుంపుంది. లేత రంగు నేపథ్యం ముందు కదలకుండా కూర్చున్న మనిషి బొమ్మ దానికి అన్యాయం. రాక్ నుంచి కదలిక, దగ్గరి ఫొటో, లావాటి అక్షరం తీసుకోండి. పగుళ్ల అక్షరాలు, పుర్రెలు అక్కడే వదిలేయండి. బృందం ఫొటోకు రాక్ పత్రికల పద్ధతే మేలు: గురువు ముందు స్పష్టంగా, మిగతావాళ్లు వెనక వంపు తిరిగి. అందరినీ ఒకే వరుసలో నిలబెడితే పెళ్లి ఫొటో అవుతుంది. షట్టర్ సెకనులో 500వ వంతు పెడితే చెక్కలు గాల్లో ఆగిపోతాయి. 30వ వంతు పెడితే చేతులు చెదిరి ఊపు తెలుస్తుంది, ముఖం మాత్రం నిలకడగా ఉన్న క్షణం పట్టుకోవాలి. రెండూ తీసుకుని ఎంచుకోండి.

ప్రశ్న: మా కాలేజీ సంగీత సంచిక 22 పేజీలు. కుదరదంటున్నారు ప్రెస్సులో. పైగా నమూనాలో రంగులు వెలిసినట్టున్నాయి, ఫొటోలు మసక.
– అధ్యాపకుడు, కర్నూలు

జవాబు: మధ్యలో పిన్ను కొట్టే పుస్తకంలో ఒక షీటు మడిస్తే నాలుగు పేజీలు. కాబట్టి 20 లేదా 24. రెండు పేజీలు తీసేయడం కన్నా రెండు పెంచి ఫొటోలకివ్వడం నయం.

తెర మీద మెరిసే గులాబీ, నీలం ముద్రణ సిరాల్లో లేవు. మొదటినుంచే సీఎంవైకే (ముద్రణ నాలుగు సిరాల లెక్క) ఫైలులో పనిచేయండి. మేప్‌లిథో (పూత లేని మామూలు) కాగితం సిరా పీల్చేస్తుంది, ఫొటోలు నల్లబడతాయి. అట్టకూ స్ప్రెడ్‌కూ ఆర్ట్ పేపర్ (నున్నటి పూత కాగితం) అడగండి. మేటర్ నలుపు ఒక్క నల్ల సిరాతోనే ఉండాలి. నాలుగు సిరాలు కలిపిన నలుపైతే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్న గీతలు రెండుగా కనిపిస్తాయి.

మసకకు చాలాసార్లు కారణం వాట్సాప్. మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదిస్తుంది. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అది 13.5 సెంటీమీటర్లకే సరి. నిండు ఏ4కు 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. ‘డాక్యుమెంట్’గా పంపమనండి. అంచులదాకా వచ్చే ఫొటోలకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోత గీత దాటి సాగే అదనపు బొమ్మ) ఇస్తే కోతలో తెల్లగీత రాదు.