సగం-సగం వస్తే సూపర్‌పొజిషన్ అయిపోతుందా? ల్యాబ్‌లో ఎలా తేలుస్తారంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పరమాణువుల మీద ఒక పల్స్ వేసి కొలిస్తే సగం దిగువ శక్తి స్థాయిలో, సగం ఎగువ శక్తి స్థాయిలో కనిపిస్తాయి. మొదటి నుంచీ సగం అక్కడ, సగం ఇక్కడ ఉన్న మామూలు మిశ్రమమైనా అదే లెక్క ఇస్తుంది కదా, మరి ఇది సూపర్‌పొజిషన్ అని, అంటే ప్రతి పరమాణువూ ఒకేసారి రెండు స్థాయిల కలయికలో ఉందని ఎలా నమ్మాలి? పైగా కొలిస్తే అది పోతుందంటారు, అలాంటప్పుడు కొలిచేదేమిటి?

మీ అనుమానం సబబే. సగం-సగం అన్న ఒక్క ఫలితాన్ని చూపించి ఎవరైనా సూపర్‌పొజిషన్ అంటే నమ్మక్కర్లేదు. రుబీడియం పరమాణువులను లేజర్లతో చల్లబరిచి సరిగ్గా ఈ పనే చేసే ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి అక్కడి పద్ధతిలోనే చెబుతాను.

ముందుగా, ఏ పరమాణువుకూ రెండే స్థాయిలు ఉండవు. కావలసిన రెండింటిని మనమే ఎంచుకుని, మిగతావి మధ్యలో తల దూర్చకుండా చూసుకుంటాం. చాలామంది లేజర్ కాంతితో ఎలక్ట్రాన్‌ను ఎగువ కక్ష్యలోకి పంపడాన్ని ఊహించుకుంటారు. రుబీడియం-87లో 780 నానోమీటర్ల కాంతితో అది సులువే. కానీ ఆ ఉత్తేజిత స్థాయి ఆయుష్షు దాదాపు 26 నానోసెకన్లు. మనం తీరిగ్గా ఏదైనా చేసేలోపే ఫోటాన్ వదిలేసి కిందికి వచ్చేస్తుంది. అందుకని భూస్థాయిలోనే, అంటే ఎలక్ట్రాన్‌కు అన్నిటికన్నా తక్కువ శక్తి ఉన్న స్థాయిలోనే ఉన్న రెండు హైపర్‌ఫైన్ స్థాయిలను వాడతాం. కేంద్రకం స్పిన్, ఎలక్ట్రాన్ స్పిన్ ఒకదానితో ఒకటి జతపడే తీరును బట్టి ఇవి విడిపోతాయి. వీటి మధ్య తేడా 6.8347 గిగాహెర్ట్జ్, అంటే మైక్రోవేవ్ పరిధి. ఎగువది తనంతట తాను దిగువకు జారుతుందన్న భయం అక్కర్లేదు, మన ప్రయోగం ముగిసేలోపు అది జరగదనే అనుకోవచ్చు. సీజియంలో ఇలాంటి జతే 1967 నుంచి సెకనుకు నిర్వచనం: 919,26,31,770 డోలనాలు.

ఈ స్థాయిలు మళ్లీ అయస్కాంత క్షేత్రంలో చీలతాయి. చీలిన ఒక్కోదాన్ని గుర్తుపట్టేది అయస్కాంత సంఖ్య. వాటిలో రెండు వైపులా సున్నా అయస్కాంత సంఖ్య ఉన్న జతను తీసుకుంటాం. కారణం చూడండి. 1 గాస్ స్థిర క్షేత్రంలో పనిచేస్తున్నామనుకోండి, అందులో 1 మిల్లీగాస్ హెచ్చుతగ్గు వచ్చింది. రెండు వైపులా సంఖ్య 1 ఉన్న జతలో ఫ్రీక్వెన్సీ సుమారు 1.4 కిలోహెర్ట్జ్ కదులుతుంది. సున్నా జతలో కదిలేది ఒక హెర్ట్జ్ పైచిలుకు, అంతే. గోడలోని కరెంటు తీగల నుంచి వచ్చే హమ్ ఒక్కటి చాలు, మొదటి జతతో పని చేసేవాళ్లకు పిచ్చెక్కించడానికి.

ఇక తయారీ. ఆప్టికల్ పంపింగ్‌తో, అంటే లేజర్ కాంతి వేసి, పరమాణువులన్నిటినీ దిగువ స్థాయిలోకి చేర్చి, సరైన ఫ్రీక్వెన్సీలో మైక్రోవేవ్ ఆన్ చేస్తే అవి దిగువ నుంచి ఎగువకు, మళ్లీ దిగువకు డోలనం చేస్తాయి. ఇవే రాబీ డోలనాలు. ఇసిడార్ రాబీకి అయస్కాంత అనునాద పద్ధతికి 1944లో నోబెల్ వచ్చింది. రాబీ ఫ్రీక్వెన్సీ 10 కిలోహెర్ట్జ్ అనుకుంటే 50 మైక్రోసెకన్లకు అన్నీ ఎగువకు చేరతాయి. 25 మైక్రోసెకన్ల దగ్గర ఆపేస్తే ప్రతి పరమాణువూ రెండింటి సమాన సూపర్‌పొజిషన్‌లో ఉంటుంది. ల్యాబ్‌లో దీన్ని పై-బై-టూ పల్స్ అంటారు, ఇక్కడ సగం పల్స్ అంటాను. దీని నిడివి తేల్చేటప్పుడు మొదటి డోలనంతో ఆగకుండా, పది పన్నెండు డోలనాల దాకా లాగి చూసి వెనక్కి భాగించడం మేలు. నిడివిలో చిన్న తేడా ఉన్నా అన్ని డోలనాల్లో పోగుపడి స్పష్టంగా కనిపిస్తుంది.

కొలిచేది కాంతితోనే. ఎగువ స్థాయిలో ఉన్నవాటికి మాత్రమే స్పందించే 780 నానోమీటర్ల కాంతి వేస్తాం. ఎగువవి మెరుస్తాయి, దిగువవి చీకట్లోనే ఉంటాయి. మెరుపును కెమెరాతో లెక్కపెట్టి, అదే కాంతి తోపుతో వాటిని పక్కకు నెట్టేసి, మిగిలిన దిగువవాటిని ఇంకో లేజర్‌తో ఎగువకు తెచ్చి మళ్లీ మెరిపిస్తాం. మొదటి లెక్కను మొత్తంతో భాగించాలి. ట్రాప్‌లో ప్రతిసారీ ఒకే సంఖ్యలో పరమాణువులు పడవు కాబట్టి ఈ భాగహారం చేయకపోతే గ్రాఫ్ చూడలేం.

ఇక్కడిదాకా మీరు చెప్పిన సగం-సగమే. అసలు విషయం రెండో సగం పల్స్‌తో మొదలవుతుంది.

స్థితిని ఒక గ్లోబు మీద బాణంలా అనుకోండి. దిగువ స్థాయి ఒక ధ్రువం, ఎగువ స్థాయి ఇంకో ధ్రువం. సమాన సూపర్‌పొజిషన్లన్నీ భూమధ్యరేఖ మీద ఉంటాయి, ఏ రేఖాంశం అన్నది ఫేజ్. ఎగువ-దిగువ లెక్క అక్షాంశాన్ని మాత్రమే చెబుతుంది, రేఖాంశం గురించి ఒక్క ముక్క చెప్పదు. అందుకని కొలిచే ముందు ఇంకో సగం పల్స్ వేసి రేఖాంశాన్ని అక్షాంశంగా తిప్పుతాం. రెండో పల్స్ ఫేజ్ మొదటిదానితో సమానమైతే అన్నీ ఎగువకు పోతాయి. ఫేజ్‌ను 180 డిగ్రీలు మార్చితే అన్నీ దిగువకు తిరిగొస్తాయి. 90 డిగ్రీలకు సగం-సగం. ఫేజ్‌ను మెల్లగా మారుస్తూ పోతే తెర మీద చక్కటి సైన్ తరంగం గీసుకుంటుంది. మామూలు మిశ్రమం మీద ఇదే చేస్తే? ఏ ఫేజ్ పెట్టినా సగం-సగమే, గీత బల్లపరుపుగా ఉండిపోతుంది. దిగువ నుంచి వచ్చినవి, ఎగువ నుంచి వచ్చినవి ఒకదాని ప్రభావాన్ని ఇంకోటి చెరిపేస్తాయి. మీ ప్రశ్నకు జవాబు ఆ రెండు గీతల మధ్య తేడాలోనే ఉంది.

రెండు పల్స్‌ల మధ్య కాసేపు ఆగితే అది రామ్సే పద్ధతి. నార్మన్ రామ్సే 1949లో ప్రతిపాదించారు, 1989లో నోబెల్ వచ్చింది. మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీ పరమాణువుదానికి 100 హెర్ట్జ్ దూరంగా ఉంటే బాణం 10 మిల్లీసెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. ఒక్క జాగ్రత్త, రెండు పల్స్‌లూ ఒకే ఆసిలేటర్ (మైక్రోవేవ్ తరంగాన్ని పుట్టించే పరికరం) నుంచి, ఫేజ్ తెగకుండా రావాలి. మనం కొలిచే ఫేజ్ ఆ ఆసిలేటర్‌తో పోల్చుకున్నదే కాబట్టి.

కొలిస్తే పోతుందన్న సంగతికి వస్తే, మా దగ్గర జరిగినదాని కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఒక దశలో ఆ సైన్ తరంగం ఎత్తు కొన్ని మిల్లీసెకన్ల విరామానికే కుంగిపోయేది. ముందు అందరి చూపూ అయస్కాంత క్షేత్రం మీదే పడింది. కానీ రెండు సగం పల్స్‌ల మధ్యలో ఒక పూర్తి పల్స్ (సగం పల్స్‌కు రెట్టింపు నిడివి) వేసి, క్షేత్రం వల్ల వచ్చే నిదానపు తేడాలను రద్దు చేసే ఎకో పద్ధతి పెట్టినా ఎత్తు తిరిగి రాలేదు. వింతేమిటంటే ఒకే పల్స్ వేసి ఎంతసేపు ఆగి కొలిచినా సగం-సగం చెక్కుచెదరలేదు. దొంగ ఎవరంటే, మెరిపించే లేజర్ కాంతి. స్విచ్ ఆఫ్ చేసినా మాడ్యులేటర్ (లేజర్‌ను వేగంగా ఆపి వదిలే పరికరం) గుండా కాస్త కారుతోంది, మెకానికల్ షట్టర్ ఆలస్యంగా మూసుకుంటోంది. ఆ కాంతి సాచురేషన్ తీవ్రతలో (దాన్ని దాటాక కాంతి పెంచినా మెరుపు పెద్దగా పెరగదు) లక్షో వంతు ఉన్నా చాలు, ఎగువనున్న పరమాణువు సెకనుకు సుమారు 200 ఫోటాన్లు చెదరగొడుతుంది, అంటే 5 మిల్లీసెకన్లకు ఒకటి. అలా చెదిరినా పరమాణువు ఎగువలోనే ఉండిపోతుంది కాబట్టి లెక్క మారదు. కానీ చెదిరిన ఆ ఒక్క ఫోటాన్ 'ఇది ఎగువలో ఉంది' అన్న సమాచారాన్ని బయటికి మోసుకుపోయింది. కెమెరా ఆఫ్‌లో ఉన్నా, ఎవరూ చూడకున్నా, ఫేజ్ పోయినట్టే. లేజర్ దారికి అడ్డంగా నల్ల అట్ట పెట్టి సరైన సమయానికి తీసే ఏర్పాటు చేయగానే తరంగం మళ్లీ లేచింది. కొలత అంటే మనిషి చూడటమేనని ఎవరైనా వాదిస్తే నాకు ఆ అట్టే గుర్తొస్తుంది.

చివరగా, ఒక్క పరమాణువును ఒక్కసారి కొలిచి దాని స్థితి తెలుసుకోలేరు. వచ్చేది మెరుపు లేదా చీకటి, రెండే. ఒకేలా తయారుచేసిన చాలా పరమాణువుల మీద మూడు రకాలుగా కొలవాలి: నేరుగా ఒకసారి, సున్నా ఫేజ్ ఉన్న సగం పల్స్ తర్వాత ఒకసారి, 90 డిగ్రీల పల్స్ తర్వాత ఒకసారి. మూడూ కలిపితే బాణం దిశతో పాటు పొడవు కూడా వస్తుంది. పొడవు 1 అయితే శుద్ధ స్థితి, సున్నా అయితే మీరు భయపడిన మిశ్రమమే. మాకు మధ్యలో ఎక్కడో వచ్చేది, అందరికీ అంతే. సమాన సూపర్‌పొజిషన్‌లో ఉన్న 10,000 పరమాణువులతో ఒక్క షాట్ తీస్తే, అంటే ఒక్కసారి తయారుచేసి కొలిస్తే, ఎగువ వాటాలో 0.5 శాతం తప్పు పరికరాలు ఎంత మంచివైనా ఉంటుంది. అది క్వాంటమ్ నాయిస్. తగ్గించాలంటే పరమాణువుల సంఖ్య పెంచండి, లేదా షాట్లు పెంచి సగటు తీయండి.