ఆడినంత కాలం

సందేహం: 1954 ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన పశ్చిమ జర్మనీ జట్టు గోల్‌కీపర్ టోనీ టూరెక్ గురించిన ఒక వ్యాసంలో ‘ఇతను స్వల్ప అంతర్జాతీయ కెరీర్‌ను కలిగి ఉన్నాడు’ అని చదివాను. కెరీర్‌కు తెలుగులో ఏమనాలి? వృత్తిజీవితమా, క్రీడాజీవితమా?

సమాధానం: మీరు కెరీర్ దగ్గర ఆగారు. నాకు దానికంటే ఆ ‘కలిగి ఉన్నాడు’ ఎక్కువ బాధ కలిగించింది. ‘ఆయనకు ఇద్దరు పిల్లలు’ అంటాం గానీ ‘ఆయన ఇద్దరు పిల్లలను కలిగి ఉన్నాడు’ అని ఏ ఇంట్లోనైనా అంటారా? ఇంట్లో అనని వాక్యం అచ్చులోకి ఎందుకు రావాలి? రాసేవాళ్ళు ఒక్కసారి పైకి చదువుకుంటే ఈ తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

ఇక కెరీర్. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చిన ఈ మాటకు మూలం లాటిన్‌లో బండి. బండి దారి, పరుగుపందెం బాట అన్న అర్థాలు దాటి జీవితగమనానికి చేరింది. మనకు ఆ బండి అక్కర్లేదు. మన దగ్గర ‘ఆడు’ ఉంది.

ఆడు అంటే ముందు కదలడం. ఎండాకాలం మధ్యాహ్నం అరుగు మీద కూర్చున్న ముసలమ్మ ‘ఆకు ఆడటం లేదు’ అంటుంది. ఆ కదలికలోంచే మిగతావన్నీ పుట్టాయని నా నమ్మకం. గాలి ఆడాలి, ఊపిరి ఆడాలి. కంగారులో కాలూ చెయ్యీ ఆడవు. గానుగ ఆడిస్తాం, పిండి ఆడిస్తాం. ఒళ్ళు కదిలితే నృత్యం, అందుకే ఆడలేనివాడికి మద్దెల ఓటిది. నాలుక కదిలితే పలుకు: మాటాడటం, కొనియాడటం, ఆడి తప్పకపోవడం. కన్నడిగులకూ ఈ మాట ఆటకు, పలుకుకు రెంటికీ పనికొస్తుంది. తమిళంలో ఆటకూ నృత్యానికీ ఇదే. వేటాడతాం, పోట్లాడతాం, పెళ్ళాడతాం. పురుడొస్తే నీళ్ళాడిందంటారు. సినిమా కూడా వంద రోజులు ఆడుతుంది. చూశారా, ఎంతకాలం నిలిచిందో చెప్పే బాధ్యతను కూడా ఈ క్రియే మోస్తోంది! (ఆడవాళ్ళలోని ‘ఆడ’ వేరు, దీంతో కలపకండి.) జర్మన్లకూ ఆటకు, నటనకు, వాద్యానికి కలిపి ‘ష్పీలెన్’ అనే ఒకే క్రియ ఉంది. మనం మాత్రం వాద్యాన్ని వాయిస్తాం.

టూరెక్ విషయంలో ఈ క్రియ ఎంత బాగా అమరుతుందో చూడండి. 1942 నవంబరు 22 తర్వాత సరిగ్గా ఎనిమిదేళ్ళు జర్మనీకి అంతర్జాతీయ మ్యాచే లేదు. 1950లో అదే తేదీన స్టుట్‌గార్ట్‌లో స్విట్జర్లాండ్‌తో మళ్ళీ మొదలైంది. టూరెక్‌కు అదే మొదటి మ్యాచ్. అప్పటికి వయసు 31. ఆ తర్వాత 1954 దాకా మొత్తం 20 మ్యాచ్‌లు. యువకుడిగా ఆడాల్సిన ఏళ్ళను యుద్ధం మింగేసింది. ‘స్వల్ప కెరీర్’ అన్న రెండు ముక్కల్లో ఆ నష్టం కనపడదు.

1954 జూలై 4న బెర్న్‌లో ఫైనల్. వాన. ఎదుట హంగరీ. ఎనిమిదో నిమిషంలో టూరెక్ చేతికి దొరికినట్టే దొరికిన బంతి జారింది, హంగరీకి రెండో గోల్. అంత టెన్షన్‌లో ఎవరికైనా ఆపైన చెయ్యి ఆడదు. ఆయనకు ఆడింది. హంగరీ ఆటగాడు హిడెగ్‌కుటి లాంటివాళ్ళు కొట్టిన బంతుల్ని ఒకదాని తర్వాత ఒకటి ఆపాడు, జర్మనీ 3–2తో గెలిచింది. రేడియోలో వ్యాఖ్యాత హెర్బర్ట్ జిమ్మర్‌మన్ ఆయన్ను ‘ఫుట్‌బాల్ దేవుడ’ని కేక వేశాడు. మనిషిని దేవుడనడం మీద అభ్యంతరాలూ వచ్చాయి. పలుకు కూడా ఆటలాంటిదే, ఒక్కసారి నోరు దాటితే వెనక్కి రాదు.

వృత్తిజీవితం అనకండి. జర్మనీ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లిగా మొదలైంది 1963లో. టూరెక్ కాలంలో క్లబ్బులిచ్చే జీతానికి పరిమితి ఉండేది, ఆటగాళ్ళలో చాలామంది వేరే పని చేసుకుంటూ ఆడేవారు. ఆటే వృత్తి అనలేం. క్రీడాజీవితం తప్పు కాదు, శీర్షికల్లో దాని అవసరం ఉండనే ఉంటుంది. కెరీర్ అన్నా నేను కొట్టేయను, జనం నోట నలిగిన మాట. స్వల్పం మాత్రం పరిమాణానికి సరిపోయినంతగా కాలానికి సరిపోదేమో. ‘స్వల్పకాలం’ అంటే పేచీ లేదు. నన్ను రాయమంటే ‘టూరెక్ జర్మనీకి ఆడింది నాలుగేళ్ళే’ అని రాస్తాను.