ఐదేళ్ల పిల్లోన్ని వెంటేసుకుని నెలల తరబడి ఊర్లు తిరగొచ్చా?

తిరగొచ్చు, మేం తిరుగుతానే ఉండాం. కానీ మీరు ప్రశ్నలో రాసిన ప్లాన్, రెండు నెలల్లో పన్నెండు ఊర్లు, అది పిల్లోనితో అయ్యే పని కాదు. ఒక ఊర్లో పాలాయన వాన్ని పేరు పెట్టి పిలిచేదాకా అక్కడే ఉండాల, ఆ తర్వాతే ఇంకో ఊరు.

మాది కడప. మా ఆయనకి నెట్ ఉంటే చాలు, ఏ ఊర్నుంచైనా పని చేసుకుంటాడు. పోయిన చలికాలం తాడిపత్రిలో ఇల్లు తీసుకుంటే అందరూ నవ్వినారు, తాడిపత్రికి బండలు కొనేదానికి పోతారు గానీ టూరుకి పోతారా అని. ఇల్లు దొరికేదే పెద్ద తలనొప్పి, నెల నెలా అద్దె కడతామంటే ఓనర్లు దొంగల్ని చూసినట్టు చూస్తారు. సరే, అక్కడ చింతల వెంకటరమణస్వామి గుళ్లో హంపీలో మాదిరే రాతి రథం ఉంది. మావాడు మొదటి రోజే చక్రం కాడ కూలబడి దీన్ని ఎవరు తోలతారు అన్నాడు, ఇంక రోజూ సాయంత్రం అదే గుడి, ఇంకో చోటికి రాడు. గోడల మీద రామాయణం చెక్కింటారు, అది బయట పూలమ్మే అవ్వ చెప్తేనే వినేవాడు, నేను చెప్తే వినడు! ఒకరోజు బెంగుళూరోళ్లు గబగబా ఫోటోలు తీసుకోని కారెక్కబోతాంటే వీడు పరిగెత్తి ఆయన చొక్కా పట్టుకుని "మామా, హనుమంతుణ్ణి చూడకుండానే పోతాండారే" అని గద్దించినాడు. ఆయన పాపం నిజంగానే చెప్పులిడిసి మళ్లీ లోపలికి పోయినాడు. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర గుడికి పోతే గోపురాలు సగంలో ఎందుకు ఆపేసినారని వారం పాటు అదే గోల.

ఇంక బడి. మా పెద్దమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ "బడి మాన్పించి ఊర్లెంబడి తిప్పుతాండావే, వాడేం బాగుపడతాడే" అంటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరేళ్లు నిండిన పిల్లోన్ని సర్కారు బళ్లో వాని వయసుకి తగ్గ క్లాసులో చేర్చుకోవాల, టీసీ ఆలస్యమైందని వెనక్కి పంపకూడదు. అదే చట్టం డొనేషన్లు, పిల్లలకి ఇంటర్వ్యూలు కూడా వద్దంటుంది, అయినా ఎల్‌కేజీకి ఇంటర్వ్యూ పెట్టిన స్కూలు నేను చూసినా, వాళ్లనేమీ అనరు, నన్ను మాత్రం అంటారు.

రైల్లో ఐదేళ్లు నిండినోళ్లకి బెర్త్ కావాలంటే ఫుల్ టికెట్టే, 2016 నుంచి ఇదే రూలు. హాఫ్ టికెట్ తీసుకుంటే మీ బెర్త్‌లోనే పడుకోబెట్టుకోవాల, రాత్రంతా వాడు తన్నేది మీ ఖాతాలోకి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం సీమ వైపు రావద్దు, మేమే ఇంట్లో కూలరు ముందు పడుంటాం.

ఖర్చెంత అని అడిగినారు కదా, అద్దె ఇంట్లో వండుకుని తింటే కడపలో ఉన్నదానికి పెద్ద తేడా లేదు. లాడ్జీలో దిగి మూడు పూటలా హోటల్ తిండంటే నన్ను అడగొద్దు.