ఉక్కు కార్మికుని ఇంటి నుంచి న్యాయపీఠానికి

ప్రశ్న: మా అమ్మాయి లా చివరి సంవత్సరం చదువుతోంది. మా వంశంలో వకీళ్లెవరూ లేరు. వెనుక అండ లేనిదే జడ్జి కావడం జరగదని ఇక్కడ కోర్టు దగ్గర చాలామంది అంటున్నారు. అమెరికాలో మెక్సికో నుంచి వలస వచ్చిన దంపతుల కుమార్తె మేరీ మూర్గియా చాలా పెద్ద కోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారని విన్నాను. ఆమె ఎలా ఎదిగారో చెప్పగలరా?
- ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, మేరీ మూర్గియా 1960లో కాన్సస్ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో జన్మించారు. తండ్రి ఉక్కు కర్మాగారంలో కార్మికుడు. ఆ దంపతుల ఏడుగురు సంతానంలో నలుగురు న్యాయశాస్త్రం చదివారు. మేరీ 1985లో కాన్సస్ విశ్వవిద్యాలయం నుంచి న్యాయపట్టా పొంది, అదే ఏడాది స్థానిక ప్రాసిక్యూటర్ కార్యాలయంలో చేరారు. అక్కడ ఐదేళ్లు, ఆ తర్వాత అరిజోనా రాష్ట్రంలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ప్రాసిక్యూటరుగా మరో పదేళ్లు, మొత్తం పదిహేనేళ్లు పనిచేశాకే 2000లో అధ్యక్షుడు క్లింటన్ ఆమెను అరిజోనా ఫెడరల్ జిల్లా కోర్టుకు నియమించారు. ఆ కోర్టులో లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న) మహిళ న్యాయమూర్తి కావడం అదే మొదటిసారి.

ఆమె వృత్తిజీవితంలో నేను అన్నిటికన్నా మిన్నగా ఎంచేది ఒక పదవిని కాదు, ఆమె వదులుకున్న ఒక కేసును. అరిజోనాలోని మారికోపా కౌంటీ (జిల్లా) షెరిఫ్, అంటే అక్కడి పోలీసు అధిపతి, జో అర్పాయో సిబ్బంది మనుషుల రూపురేఖలు చూసి లాటినోల వాహనాలను ఆపుతున్నారన్న వ్యాజ్యం ఆమె ముందుకు వచ్చింది. ఆమె కవల సోదరి జానెట్ నడిపే లాటినో హక్కుల సంస్థ ఆ షెరిఫ్‌ను విమర్శిస్తూ ఉండేది; దాన్ని చూపి ఆయన న్యాయవాదులు ఆమె తప్పుకోవాలని కోరారు. తాను నిష్పక్షపాతంగా విచారించగలనన్న నమ్మకం ఉన్నా, చూసేవారికి అనుమానం కలగకూడదని 2009లో ఆమె ఆ కేసు నుంచి వైదొలిగారు. తన జాతివారికి ఎంతో ముఖ్యమైన కేసును అలా మరొకరి చేతికి అప్పగించడానికి ఎంత నిబ్బరం కావాలో ఆలోచించండి. తర్వాత విచారించిన న్యాయమూర్తి ముర్రే స్నో 2013లో షెరిఫ్ శాఖ వివక్ష చూపిందని తీర్పు చెప్పారు.

2010లో ఒబామా ఆమెను తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు ప్రతిపాదించగా, సెనేట్ 89-0 ఓట్లతో ఆమోదించింది. తొమ్మిది రాష్ట్రాల అప్పీళ్లు వినే ఆ కోర్టుకు 2021 డిసెంబరులో ఆమె ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. లాటినో మూలాలున్న వారిలో ఆ పీఠమెక్కిన తొలి వ్యక్తి ఆమే. ఆ బాధ్యత ఎవరో ఎంపిక చేసి ఇచ్చేది కాదు. పదవిలో ఉన్న 65 ఏళ్ల లోపు న్యాయమూర్తులలో సీనియారిటీని బట్టి వస్తుంది.

ఇక అండ సంగతి. అమెరికాలో ఫెడరల్ జడ్జి కావాలంటే అధ్యక్షుడు ప్రతిపాదించాలి, సెనేట్ ఒప్పుకోవాలి కనుక రాజకీయాల ప్రమేయం తప్పదు. మన దగ్గర జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు హైకోర్టు రాతపరీక్ష, మౌఖిక పరీక్ష నిర్వహిస్తుంది. ఆ దారిలో వంశంతో పనిలేదు. అయితే సుప్రీంకోర్టు 2025 మేలో ఇచ్చిన తీర్పు ప్రకారం ఆ పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. అందువల్ల పట్టా రాగానే మీ అమ్మాయిని కోచింగుకు పంపేకన్నా ముందు బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ చేయించి, మీ జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు ఎక్కువగా నడిపే సీనియర్ దగ్గర జూనియరుగా చేర్చండి. పరీక్షకు చదవడం ఆ పనితోపాటే సాగవచ్చు. ఏడేళ్లు ప్రాక్టీసు చేసిన న్యాయవాదికి రాజ్యాంగం 233వ అధికరణం కింద నేరుగా జిల్లా జడ్జి పోస్టుకు పోటీపడే వీలు కూడా ఉంటుంది.