ఎండ ప్రాంతాల కాలేజీ ఫుట్‌బాల్ జట్లు ఉత్తరాదికి వచ్చి ఓడిపోవడానికి కారణం చలా, ప్రయాణమా?

మీరు అడుగుతున్నది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి, అంటే హెల్మెట్లు పెట్టుకుని కోలగా ఉండే బంతితో ఆడే ఆట గురించి. కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి చోట్ల నుంచి జట్లు నవంబర్, డిసెంబర్‌లలో మిడ్‌వెస్ట్‌కి, అంటే అమెరికా మధ్యలో ఉత్తరాన ఉండే రాష్ట్రాలకి వస్తే చలికి చేతులెత్తేస్తాయని టీవీలో ప్రతి శనివారం చెబుతుంటారు, అందులో నిజమెంత, దూరప్రయాణం దెబ్బ ఎంత అన్నది మీ సందేహం. నేను మిడ్‌వెస్ట్‌లో ఎంఎస్ చేసేటప్పుడు రెండు సీజన్లు మా యూనివర్సిటీ జట్టు ఎక్విప్‌మెంట్ రూమ్‌లో పనిచేశాను. ఎఫ్-1 వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలే చేయనిస్తారు కాబట్టి ఆ గంటలన్నీ అక్కడే గడిచాయి. బంతులు సిద్ధం చేయడం, టవళ్లు ఉతకడం, మ్యాచ్ రోజు సైడ్‌లైన్ పక్కన నిలబడి అడిగింది అందించడం నా పని. ఖమ్మం ఎండల్లో పెరిగినవాడిని, చలి అంటే ఏమిటో అక్కడే తెలిసింది.

సూటిగా చెప్పాలంటే, ఒట్టి చలి మీరనుకుంటున్నంత దెబ్బ తీయదు. గాలి తీస్తుంది. నిద్ర పాడుచేసే ప్రయాణం తీస్తుంది. చలి దెబ్బ ఎక్కువగా పడేది పరిగెత్తేవాళ్ల మీద కాదు, తమ వంతు కోసం నిలబడి ఎదురుచూసేవాళ్ల మీద.

ముందు బంతి సంగతి చెబుతాను, ఎందుకంటే అది నా చేతుల్లో నలిగిన విషయం. కాలేజీ రూల్స్ ప్రకారం బంతిలో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 12.5 నుంచి 13.5 పౌండ్ల మధ్య ఉండాలి. గదిలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 13 పెట్టి బయటికి తీసుకెళ్తే, బయట మైనస్ 7 ఉంటే, బంతి పూర్తిగా చల్లబడేసరికి ఒత్తిడి పదిన్నర దగ్గరికి పడిపోతుంది. ఇది ఇంటర్ ఫిజిక్స్‌లో అందరం చదివిన లెక్కే. విచిత్రం ఏమిటంటే లోపల గాలి తగ్గినా పట్టుకుంటే మాత్రం బంతి మెత్తగా అనిపించదు, పైనున్న తోలు బిగుసుకుపోతుంది. మామూలు రోజుల్లో వేళ్లకు అతుక్కున్నట్టుండే ఆ గరుకు చలిలో పోయి, నున్నటి చెక్కముక్క పట్టుకున్నట్టు ఉంటుంది. సైడ్‌లైన్ దగ్గర బంతిని ఆరబెట్టే యంత్రాలు వాడకూడదు, టవల్‌తో తుడవాల్సిందే. ఆ టవల్ తడిసి రెండు నిమిషాలు చేతిలో ఉంటే అప్పడంలా బిగుసుకుపోతుంది. అందుకని ఒక టవల్ చేతిలో, ఒకటి జాకెట్ లోపల కడుపుకి ఆనించి పెట్టుకుని మార్చుకుంటూ ఉండేవాణ్ణి. కాలేజీ ఆటలో ఏ జట్టు దాడి చేస్తుంటే ఆ జట్టు సొంత బంతులే వాడుతుంది, కాబట్టి ఈ తుడిచే పనిలో అలవాటున్న జట్టుకి కొంచెం మేలు ఉంటుంది. కొంచెమే.

దీనివల్ల అందరికన్నా నష్టపోయేది కిక్కర్, అంటే బంతిని కాలితో తన్నడానికే ఉండే ఆటగాడు. ఒత్తిడి తగ్గిన బంతి కాలి దెబ్బకి సరిగా ఎగరదు, పైగా చల్లగాలి బరువు ఎక్కువ, మైనస్ 7 దగ్గర గాలి సాంద్రత 25 డిగ్రీల దగ్గర ఉన్నదానికన్నా దాదాపు 12 శాతం ఎక్కువ. అన్నింటికన్నా పెద్ద ఇబ్బంది ఆ కుర్రాడు నలభై నిమిషాలు ఊరికే నిలబడి, తర్వాత ఒక్కసారి వెళ్లి పూర్తి బలంతో తన్నాలి. మా కిక్కర్ మోకాళ్ల దాకా దుప్పటిలాంటి కోటు కప్పుకుని వల ముందు అస్తమానం ఉత్తుత్తి కిక్‌లు కొడుతూనే ఉండేవాడు, ఒకసారి ఐదు నిమిషాలు కూర్చున్నందుకు తొడ పట్టేసి ఆ రోజంతా ఇబ్బంది పడ్డాడు. రిజర్వ్ ఆటగాళ్లకీ అంతే. పరిగెత్తేవాడికి ఒళ్లు వెచ్చగానే ఉంటుంది, బెంచ్ మీద ఉన్నవాడికి వేళ్లు కొంకర్లు పోతాయి, గడ్డకట్టిన టర్ఫ్ మీద నిలబడి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. సీటు కింద నుంచి వేడిగాలి వచ్చే బెంచీలు, హెల్మెట్లు వెచ్చబెట్టే గొట్టాలు ఉంటాయి గానీ, అక్కడ ఎక్కువసేపు కూర్చుని లేచినవాడికి మైదానంలో మొదటి కాసేపు మరీ కష్టంగా ఉంటుంది. నేను చూసినంతలో బంతి జారవిడుచుకోవడం హాఫ్‌టైమ్ అయిన వెంటనే ఎక్కువ, వెచ్చటి గదిలో ఇరవై నిమిషాలు ఉండి వచ్చాక.

దక్షిణాది నుంచి వచ్చిన ఒక జట్టు చేసిన పొరపాటు చెప్తాను, పేరు అనవసరం. చలి అని భయపడి కుర్రాళ్లందరూ లోపల మూడు నాలుగు పొరలు కాటన్ బట్టలు వేసుకున్నారు. వార్మప్‌లో చెమట పట్టి అవన్నీ తడిసిపోయాయి, ఆ తడి బట్టలతోనే జాతీయగీతం అయ్యేదాకా నిలబడ్డారు. అంతే, మొదటి క్వార్టర్‌లోనే సగం మంది వణుకుతున్నారు. వాళ్ల వైపు పనిచేసే అబ్బాయి పరిగెత్తుకుంటూ వచ్చి అరచేతుల్లో పెట్టుకునే వేడి ప్యాకెట్లు ఉన్నాయా అన్నా అని... ఇంగ్లీష్‌లోనే అడిగాడు గానీ ఆ గొంతు నాకు అలాగే వినిపించింది. ఒక పెట్టె ఇచ్చాం. మొత్తం మీద చలికి అలవాటు పడటం ఒక ఎత్తైతే, చలికి ఎలా బట్టలు వేసుకోవాలో తెలియడం ఇంకో ఎత్తు, రెండోది ఒక్క రోజులో నేర్చుకోవచ్చు.

ఇక అసలు ప్రశ్నకి పెద్ద మ్యాచ్‌లు ఏం చెబుతున్నాయో చూడండి. 2024 డిసెంబర్‌లో ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌ని మొదటిసారి 12 జట్లతో పెట్టి, మొదటి రౌండ్ మ్యాచ్‌లు క్యాంపస్‌లలోనే ఆడించారు. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో రాత్రి మ్యాచ్, మైనస్ 4 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంది, ఒహాయో స్టేట్ 42-17తో టెన్నెసీని చిత్తు చేసింది. పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్ 38-10తో డల్లాస్ నుంచి వచ్చిన ఎస్‌ఎంయూని ఓడించింది. మర్నాటి నుంచి అందరూ చలి చలి అన్నారు. కానీ ఆ కొలంబస్ మ్యాచ్‌లో రెండు టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించి పాయింట్లు తేవడం), 103 గజాలతో మెరిసిన, పాస్‌లు అందుకునే రిసీవర్ జెరెమయా స్మిత్ ఎక్కడివాడు? ఫ్లోరిడా వాడు, మొదటి సంవత్సరం విద్యార్థి, కొలంబస్‌లో అతనికి అదే మొదటి సీజన్. వాళ్ల క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసిరే ఆటగాడు, విల్ హోవార్డ్ ఆ చలిలో 29 పాస్‌లు వేసి 24 పూర్తి చేశాడు. టెన్నెసీ కూడా ఎండల నుంచి దిగివచ్చిన జట్టేమీ కాదు, నాక్స్‌విల్‌లో చలికాలం బాగానే ఉంటుంది. పైగా ఆ రౌండ్‌లో నాలుగు మ్యాచ్‌లూ సొంత మైదానం జట్లే గెలిచాయి, టెక్సాస్‌లో జరిగిన మ్యాచ్‌తో సహా. అక్కడ చలి ఎక్కడుంది? ఉత్తరాది పెద్ద జట్లలో చాలామంది కుర్రాళ్లు ఫ్లోరిడా, జార్జియా, టెక్సాస్‌ల నుంచి వచ్చినవాళ్లే, వాళ్లూ వాతావరణం బాగోకపోతే పైకప్పున్న హాల్‌లోనే ప్రాక్టీస్ చేస్తారు. మా దగ్గరా అంతే, బాగా మంచు పడితే లోపలే.

గాలి విషయం మాత్రం వేరు. 2022 నవంబర్ 5న ఇదే ఒహాయో స్టేట్ షికాగో పక్కనున్న ఎవాన్‌స్టన్ వెళ్లింది, నార్త్‌వెస్టర్న్ మైదానం మిషిగన్ సరస్సుకి బాగా దగ్గర. గడ్డకట్టే చలేమీ లేదు, వాన, విపరీతమైన గాలి. సీజన్ చివర్లో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ తుది జాబితాలో ఉన్న వాళ్ల క్వార్టర్‌బ్యాక్ సీ.జే. స్ట్రౌడ్ ఆ రోజు 26 పాస్‌లు వేస్తే 10 చేరాయి, మొత్తం 76 గజాలు. చలికి అలవాటైన జట్టుకే ఆ గతి పట్టింది, 21-7తో ఎలాగో గెలిచారు. ఇంకా వెనక్కి వెళ్తే 1950 నవంబర్ 25న కొలంబస్‌లో మంచు తుపానులో మిషిగన్ ఒక్క ఫస్ట్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లడం) కూడా సాధించకుండా, ఒక్క పాస్ కూడా పూర్తి చేయకుండా 9-3తో ఒహాయో స్టేట్‌ని ఓడించింది! రెండు జట్లూ కలిపి 45 సార్లు పంట్ కొట్టాయి, బంతి దగ్గర పెట్టుకోవడమే ప్రమాదం అనుకుని దాన్ని అవతలి వాళ్లకి తన్నేసి వాళ్ల తప్పు కోసం ఎదురుచూశారు. మిషిగన్‌కి పాయింట్లు వచ్చింది కూడా అడ్డుకున్న పంట్‌ల వల్లే. అందుకే నేను మ్యాచ్ ముందు థర్మామీటర్ చూడను, గోల్‌పోస్టుల కొసన కట్టిన రిబ్బన్లు చూస్తాను. అవి అడ్డంగా బిగుసుకుని ఎగురుతుంటే ఆ రోజు పాస్‌లు వేసే జట్టుకి కష్టకాలమే, అది ఏ ఊరి నుంచి వచ్చినా.

ప్రయాణం గురించి నాకు ఎక్కువ బాధ ఉంది. 2024 నుంచి పడమటి తీరం జట్లు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ (ఈ రెండూ లాస్ ఏంజెలిస్‌వి), ఒరెగాన్, వాషింగ్టన్ నాలుగూ బిగ్ టెన్‌లో చేరాయి, అది తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమి, వీటినే కాన్ఫరెన్స్ అంటారు. అదే కాన్ఫరెన్స్‌లో తూర్పు తీరంలోని న్యూజెర్సీ నుంచి రట్గర్స్ ఉంది. లాస్ ఏంజెలిస్ నుంచి అక్కడికి విమానంలో దాదాపు 3,900 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఉన్న దూరానికి మూడు రెట్లు. దూరం కన్నా గడియారం ముఖ్యం. మన రంజీ జట్లకి ఈ బాధ లేదు, దేశమంతా ఒకటే టైమ్. ఇక్కడ తూర్పు తీరంలో మధ్యాహ్నం 12కి కిక్కాఫ్ అంటే కాలిఫోర్నియా కుర్రాడి ఒంటికి అది ఉదయం 9. నాలుగు గంటల ముందు తిండి పెట్టాలి కాబట్టి వాణ్ణి ఏడు, ఏడున్నరకి లేపుతారు, అంటే వాడి లెక్కలో తెల్లవారుజామున నాలుగు. ఇండియా నుంచి వచ్చిన మొదటి వారంలో మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూసుకుపోవడం మనందరికీ అనుభవమే, దాంతోపాటు 130 కిలోల మనిషిని ఢీకొట్టాలి అనుకోండి. అవతలి వైపు నుంచీ అంతే: 2024 అక్టోబర్ 25న రట్గర్స్ లాస్ ఏంజెలిస్‌లో ఆడినప్పుడు కిక్కాఫ్ అక్కడ రాత్రి 8, వాళ్ల ఊళ్లో రాత్రి 11. యూఎస్‌సీ 42-20తో గెలిచింది.

వాషింగ్టన్ జట్టు, అంటే సియాటిల్‌ది, ఆ సంవత్సరం సొంత మైదానంలో ఆడిన 6 మ్యాచ్‌లూ గెలిచి, బయటికెళ్లి ఆడిన 5 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లూ ఓడింది. వాటిలో రట్గర్స్ మ్యాచ్ సెప్టెంబర్‌లోనే అయిపోయింది, చలి ప్రసక్తే లేదు. అయితే అలాంటి ప్రయాణాలే చేసిన ఒరెగాన్ మిషిగన్‌లో, విస్కాన్సిన్‌లో గెలిచి ఆ సీజన్ లీగ్ దశలో ఒక్కటీ ఓడలేదు. కాబట్టి ప్రయాణం బలమైన జట్టుని బలహీనం చేసేస్తుందని నేను అనను. సమానంగా ఉన్న రెండు జట్ల మధ్య తేడా తెస్తుంది, అంతవరకే.

రెండూ ఒకేసారి మీదపడటం చూడాలంటే హవాయి జట్టుని చూడండి. వాళ్లు సముద్రం దాటి వయోమింగ్‌లోని లారమీకి రావాలి, మైదానం 7,220 అడుగుల ఎత్తులో ఉంటుంది, చలి, గాలి, పల్చటి గాలి, టైమ్ తేడా అన్నీ కలిపి. 2023 నవంబర్‌లో అక్కడ 42-9తో ఓడారు. రెండేళ్ల ముందు అదే నవంబర్ చివర్లో అదే మైదానంలో 38-14తో గెలిచారు! అందుకే ఎవరైనా చలి వల్లే ఓడిపోయారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ప్రయాణం దెబ్బ మ్యాచ్ జరిగే శనివారం కన్నా ఆ తర్వాతి వారంలో ఎక్కువ కనిపిస్తుందని నా అభిప్రాయం. రాత్రి మ్యాచ్ అయ్యాక స్నానాలు, సామాన్లు, బస్సు, చార్టర్ విమానం, ఇల్లు చేరేసరికి తెల్లారుతుంది, ఆదివారం నొప్పులతో నిద్ర పట్టదు, సోమవారం క్లాసు. మా మైదానానికి వచ్చిన ఒక పడమటి జట్టు కుర్రాడు నాకు బాగా గుర్తు. రాత్రి పదకొండు దాటింది, లోడింగ్ డాక్ దగ్గర మేం బంతుల సంచులు సర్దుతున్నాం, వాడు బస్సు పక్కన ఒక పెట్టె మీద కూర్చుని మోకాళ్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఏదో టైప్ చేస్తున్నాడు, వేళ్లు కదలక మధ్యమధ్యలో ఆగి నోటితో ఊదుకుంటున్నాడు. ఆ అర్ధరాత్రికి స్టాటిస్టిక్స్ అసైన్‌మెంట్ పంపాలట. జేబులో మిగిలిన రెండు వేడి ప్యాకెట్లు వాడికిచ్చాను. మీ ఊళ్లో ఇప్పుడు తొమ్మిదే కదా, ఇంకా టైమ్ ఉంది అన్నాను. వాడు తలెత్తి, ఏ ఊరి టైమో నాకూ గుర్తుండటం లేదు అన్నాడు.