అండమాన్‌కీ సియాటిల్‌కీ ఒక్కటే బీసీడీ సరిపోతుందా?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది కూకట్‌పల్లి, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ జాబ్. అండమాన్‌లోని హావ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్ కోర్సులు రెండూ చేశా, ఇప్పటికి 28 డైవ్స్ అయినయ్, అన్నీ అద్దె సామానుతోనే. జూన్‌లో ఆఫీసు వాళ్లు రెండేళ్లకి సియాటిల్ పంపిస్తున్నారు, అక్కడ కూడా డైవింగ్ ఆపొద్దనుకుంటున్నా. సెలవులకి ఇంటికొస్తే అండమాన్ ఎలాగూ పోతా. సొంత బీసీడీ (నీళ్లలో తేలడం, మునగడం సర్దుకోడానికి గాలి నింపే జాకెట్) కొందామంటే ఒకరు ప్రయాణానికి తేలికైన ట్రావెల్ బీసీడీ తీస్కో అంటారు, ఇంకొకరు చల్లనీళ్లకి పెద్ద జాకెట్ ఉండాల్సిందే అంటారు. రెండు కొనే బడ్జెట్ లేదు, ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, ఒక్కటి చాలు, కాకపోతే ఆ ఒక్కటీ లెక్కేసి కొనాలి. చల్లనీళ్లు కాబట్టి పెద్దది అనే మాట నేనూ చాలాసార్లు విన్నా, అది సగమే నిజం. బీసీడీ పని నిన్ను మోయడం కాదు. డైవ్ మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా నీ బరువు ఎంత మారుతుందో ఆ తేడా సర్దడమే దాని పని, మారేవి ముఖ్యంగా రెండే, ట్యాంకులో గాలి, ఒంటిమీద సూట్.

గాలిక్కూడా బరువుంటది. అండమాన్‌లో మనకిచ్చే మామూలు 11 లీటర్ల అల్యూమినియం ట్యాంకు నిండా ఉంటే అందులో దాదాపు 2,200 లీటర్ల గాలి, లీటరుకి 1.2 గ్రాములు వేసుకున్నా రెండున్నర కేజీల పైనే. డైవ్ అయ్యేసరికి అందులో ఎక్కువ భాగం పీల్చేస్తావు కాబట్టి ఆ మేరకి తేలికైపోతావు. ఈ లెక్క ఏ నీళ్లలోనైనా ఒకటే.

అసలు తేడా సూట్ దగ్గర వస్తది. నియోప్రీన్ అంటే లోపలంతా సన్న గాలి బుడగలున్న రబ్బరు, 10 మీటర్ల లోతుకి పోతే ఆ బుడగలు సగానికి నలుగుతాయి, 30 మీటర్లకి పావు వంతే మిగులుతాయి. అండమాన్‌లో నీళ్లు 27 నుంచి 30 డిగ్రీలు, 3 ఎంఎం సూట్ చాలు, అది నిన్ను పైకి లేపేదే ఓ రెండు కేజీలు, నలిగినా పోయేది కేజీన్నర. అదే సియాటిల్ పక్కన ప్యూజెట్ సౌండ్‌లో నీళ్లు ఏడాదంతా 8, 12 డిగ్రీల మధ్యనే తిరుగుతాయి, అక్కడ 7 ఎంఎం సూటు, హుడ్, గ్లోవ్స్, బూట్లు అన్నీ కలిపి తొమ్మిది పది కేజీలు పైకి లాగుతాయనుకో, దాన్ని ముంచడానికి అంత సీసం కట్టుకుంటావు, 30 మీటర్ల దగ్గర సూట్ లేపే బలంలో ఏడు కేజీల దాకా మాయమైపోతది కానీ సీసం మాత్రం నడుముకి అట్లనే ఉంటది. ఈ ఏడుకి గాలి బరువు రెండున్నర కలుపు, తొమ్మిదిన్నర. అండమాన్‌లో ఇదే లెక్క నాలుగు దాటదు. ఎంత చెట్టుకి అంత గాలి అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

ఇంకో లెక్క కూడా ఉంది, చాలామంది మర్చిపోతారు. నీళ్లలోనే బీసీడీ విప్పి పడవ వాళ్లకి అందించాల్సి వస్తే, నువ్వు లేకుండా ఆ మొత్తం సెట్టు దానంతటది తేలాలి. స్టీల్ ట్యాంకు, వీపు మీద స్టీల్ ప్లేటు, పైన పాకెట్లలో సీసం అంటే కిందికి లాగే బరువు పది కేజీలు తేలిగ్గా దాటుతది.

అందుకే నా సలహా బ్యాక్‌ప్లేట్ (వీపు మీది లోహపు పలక), దాని వెనక సింగిల్ ట్యాంక్ వింగ్ (ఒక్క ట్యాంకుకి సరిపోయే గాలి సంచి), దాని లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, 16 కేజీల దగ్గర. అక్కడ పౌండ్లలో రాస్తారు, 35 అని ఉంటే అదే. అంతకంటే పెద్దది వద్దు, ఖాళీగా ఉన్న బట్టలో గాలి అటూ ఇటూ పోతుంటది, పైకొచ్చేటప్పుడు మొత్తం వదలడానికి టైమ్ పడుతది. ప్లేటుని ఒంటికి కట్టే హార్నెస్ ఒకటే పట్టీ కాబట్టి 3 ఎంఎం మీదికీ, లోపల ఉన్ని వేసుకున్న డ్రైసూట్ (ఒంటికి నీళ్లు తగలనియ్యని సూట్) మీదికీ జరుపుకోవచ్చు. ప్లేట్లు మాత్రం రెండు పెట్టుకో. స్టీల్‌ది రెండున్నర, మూడు కేజీలుంటది, చల్లనీళ్లలో దాదాపు అంత సీసం తగ్గుతది. అల్యూమినియంది కేజీ చిల్లర, శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఫ్లైట్‌కి 15 కేజీల బ్యాగేజీలో ఇరుకు లేకుండా సర్దుకోవచ్చు. ట్రావెల్ బీసీడీ అండమాన్ వరకు హాయిగానే ఉంటది, కానీ దాని పాకెట్లు పది కేజీల పైన సీసం కోసం కుట్టినవి కావు.

నా అనుభవం ఒకటి చెప్తా. కాలిఫోర్నియాలో మాంటెరీ దగ్గర మొదటిసారి 7 ఎంఎంలో దిగినప్పుడు అద్దె జాకెట్ ఇచ్చారు, పైన తేలుతూ గాలి నింపితే జాకెట్ పక్కటెముకల్ని బిగించేసింది, ఊపిరి సగమే ఆడింది. దానికి తోడు 5 ఎంఎం గ్లోవ్స్, ఇన్‌ఫ్లేటర్ (బీసీడీకి గాలి పెట్టే, వదిలే పిడి) మీద గాలి పెట్టే బటన్ ఏదో వదిలే బటన్ ఏదో వేలికి తెలీలేదు, వదలబోయి నింపేశా. ఆ రోజు లోతు ఆరు మీటర్లే కాబట్టి బతికిపోయా. అందుకే షాపులో గ్లోవ్స్ తొడుక్కునే బటన్లు నొక్కి చూడు, కింద డంప్ వాల్వ్ (గాలి వదిలేసే మూత) తాడు కళ్లు మూసుకుని దొరుకుతుందో లేదో చూడు. చల్లనీళ్లలో ఇన్‌ఫ్లేటర్ గడ్డకట్టి ఆగకుండా గాలి కొట్టేస్తే దానికి గాలి తెచ్చే హోస్ పీకేయాలి, అది కూడా గ్లోవ్స్‌తోనే ప్రాక్టీస్ చెయ్యి. నొక్కేటప్పుడు టక్ టక్ అని కొంచెం కొంచెం నొక్కు.

అక్కడ చాలామంది డ్రైసూట్‌లోనే దిగుతారు, నువ్వూ అటే పోతావు. దాని కోర్సు చెయ్యకుండా మాత్రం వెయ్యకు. ఆ సూట్‌లోకి నీళ్లు వస్తే నిన్ను పైకి తేవాల్సింది వింగే, 16 అన్నది అందుకే. సీసం అంతా ప్లేటుకే బిగించకు, కొంత విప్పి పడేసేట్టు ఉండాలి. ఇంకోటి, ఇక్కడే కొనేసి మోసుకుపోకు, అక్కడ రెండు మూడు వింగ్‌లు అద్దెకి తీస్కుని చూసి కొను.

సీసం ఎంతో మాత్రం సూట్ మారినా, ట్యాంకు మారినా మళ్లీ చూసుకోవాలి. ట్యాంకులో గాలి ఒత్తిడి 50 బార్ మిగిలినప్పుడు వింగ్ ఖాళీ చేసి మామూలు ఊపిరి పట్టుకుంటే నీళ్లు కళ్ల దాకా రావాలి. ఇక్కడ స్విమ్మింగ్ పూల్‌లో చూసుకుంటే సముద్రానికి ఇంకో రెండున్నర కేజీలు కలుపుకో, నువ్వూ సామానూ కలిపి వంద కేజీలనుకుంటే ఉప్పునీళ్లు అంత ఎక్కువ తేలుస్తాయి.

ప్రశ్న: సార్, వైజాగ్ రుషికొండలో డైవ్ చేసి వచ్చాక మా బీసీడీ బటన్ గట్టిగా అయిపోయింది. మా అపార్ట్‌మెంట్‌లో బోర్ నీళ్లే. డాబా మీద ఎండలో ఆరబెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: ఎండలో వద్దమ్మా, బట్ట, లోపలి బ్లాడర్ (గాలి సంచి) రెండూ పాడైపోతాయి, నీడలో వేలాడదీయండి. బటన్ గట్టిబడింది ఉప్పు పేరుకునే. గోరువెచ్చని నీళ్లలో గంటసేపు నానబెట్టి మెల్లగా నొక్కుతూ ఉండండి, కరకరమనే చప్పుడు పోవాలి. మంజీరా నీళ్లు వచ్చే రోజు చూసుకుని, నోటితో ఊదే దగ్గర బటన్ నొక్కి పట్టి లోపలికి మూడో వంతు నీళ్లు పోసి, ఊపి, తలకిందులు చేసి పారబోయండి, మూడుసార్లు. బోర్ నీళ్లే గతి అయితే ఆఖరిసారి ఫిల్టర్ నీళ్లు వాడండి. తర్వాత బటన్ నొక్కకుండానే గాలి దానంతటది ఎక్కుతుంటే సర్వీస్ చేయించాకే దిగాలి. రాత్రి గట్టిగా ఊది పెట్టండి, పొద్దున్నకి బాగా మెత్తబడితే సబ్బు నురగ రాయండి, బుడగ లేచిన చోటే లీకు.