చార్టులు గీయడం ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్‌లో డిగ్రీ పూర్తిచేసింది. కొన్ని నెలలుగా ఇంట్లోనే కూర్చుని డేటాను చార్టులుగా మార్చే పవర్ బీఐ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటోంది. మొన్న ఒక సాయంత్రమంతా ఒకే ఒక్క బార్ చార్టుకు రంగులు మారుస్తూ గడిపేసింది. బొమ్మలు గీసేవాళ్లకు ఉద్యోగం ఎవరిస్తారని మా భయం. మా అన్నయ్య కొడుకు ప్రోగ్రామింగ్ నేర్చుకుని స్థిరపడ్డాడు. ఒక శిక్షణ సంస్థ వాళ్లు మూడు నెలల్లో అలాంటిదే అయిన టాబ్లో అనే సాఫ్ట్‌వేర్ నేర్పి డేటా అనలిస్టును చేస్తామంటున్నారు. ఫీజు కట్టే గడువు దగ్గరపడింది. పవర్ బీఐలోనే ఉండాలా, టాబ్లోకు మారాలా? ఏఐ వచ్చాక అసలు ఈ పని మిగులుతుందా? – ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. సాఫ్ట్‌వేర్ల పేర్లు మారుతుంటాయి గానీ, అడుగున ఉండే దిగులు ఒకటే. పిల్ల దారి తప్పుతుంటే మేము చూస్తూ ఊరుకున్నామా అని. ముందు దానికి జవాబు చెబుతాను. మీ అమ్మాయి దారి తప్పలేదు. మీరు రాసిన వివరాల్లో నాకు అన్నిటికంటే ధైర్యం కలిగించింది, మిమ్మల్ని భయపెట్టిన ఆ సాయంత్రమే.

ఒక బార్ చార్టు మీద అంతసేపు ఏం చేసి ఉంటుందో ఊహించగలను. నెలవారీ అమ్మకాల చార్టు వేసి నెల పేర్ల వరుసలో పెట్టమంటే పవర్ బీఐ నెలలను ఇంగ్లిష్ అక్షరక్రమంలో పేరుస్తుంది: ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్, ఫిబ్రవరి. దాన్ని సరిచేయాలంటే నెల సంఖ్యతో ఇంకో కాలమ్ చేసి, నెల పేర్లు దాని ప్రకారం వరుసలోకి వచ్చేలా చెప్పాలి. సంవత్సరం కాలమ్‌ను ఎలా పరిగణించాలో చెప్పకపోతే, 2023నూ 2024నూ కూడేసి 4047 అని చూపించినా ఆశ్చర్యం లేదు. ఇక రంగుల సంగతి. పన్నెండు ప్రాంతాలకు పన్నెండు రంగులు వేస్తే చూసేవాడి కన్ను చార్టుకూ పక్కనున్న రంగుల పట్టికకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది. అన్నిటినీ బూడిద రంగులో ఉంచి, మాట్లాడుకోవలసిన ఒక్క ప్రాంతాన్ని ముదురు రంగులో చూపిస్తే విషయం వెంటనే తెలుస్తుంది. లాభం ఆకుపచ్చ, నష్టం ఎరుపు అని చాలామంది అలవాటుగా వేసేస్తారు. ఆ రెండిటికీ తేడా సరిగా తెలియనివాళ్లు ఐరోపా సంతతి మగవాళ్లలోనే దాదాపు 8 శాతం ఉన్నారు. సమావేశంలో కూర్చున్న ఒక మేనేజరు వాళ్లలో ఒకరైతే ఆ చార్టు ఆయనకు ఏమీ చెప్పదు.

ఇదంతా అలంకారమని మీరు అనుకుంటున్నారు. అక్షం, అంటే చార్టు పక్కన అంకెలు వేసే గీత, సంగతి చూడండి. ఒక శాఖ 96 అమ్మింది, ఇంకొకటి 98 అమ్మింది. అక్షం 95 దగ్గర మొదలైతే రెండో బార్ మొదటిదానికి మూడు రెట్లు ఎత్తుగా కనిపిస్తుంది. అసలు తేడా రెండు శాతం. ఆ చార్టు చూసి ఎవరో ఒకరు మొదటి శాఖ మేనేజరును నిలదీస్తారు. బార్ చార్టు అక్షం సున్నా దగ్గర మొదలవ్వాలని పట్టుబట్టే మనిషి ఆఫీసులో ఒకరు ఉండి తీరాలి.

బొమ్మలన్న మాట గురించి కూడా. 1973లో ఫ్రాన్సిస్ యాన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు పదకొండేసి బిందువులతో నాలుగు చిన్న పట్టికలు ప్రచురించారు. నాలుగింటికీ సగటు ఒకటే, విస్తృతి (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో), సహసంబంధం (రెండు అంకెలు ఎంతగా కలిసి మారతాయో) దాదాపు ఒకటే. గీసి చూస్తే మాత్రం ఒకటి సరళరేఖ చుట్టూ చెదిరిన చుక్కలు, ఒకటి వంపు, మిగిలిన రెండిటిలో దూరంగా పడిన ఒక్క బిందువు మొత్తం లెక్కను లాగేస్తుంది. అంకెలు దాచిన సంగతి గీతలో బయటపడింది. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ చేసిన ప్రయోగాల్లో ఇంకో విషయం తేలింది. ఒకే కొలబద్ద మీది స్థానాలను మనుషులు చాలా కచ్చితంగా పోల్చగలరు. కోణాలను పోల్చడంలో అంతకంటే ఎక్కువ తప్పులు చేస్తారు, వైశాల్యాల విషయంలో మరీ ఎక్కువ. గుండ్రటి బొమ్మను ముక్కలు చేసి చూపించే పై (pie) చార్టును బార్ చార్టుగా మార్చమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

ఇప్పుడు నా అనుమానాలు. మీ అమ్మాయి మీద నాకు అనుమానం లేదు, మూడు నెలల్లో డేటా అనలిస్టును చేస్తామన్న ఆ మాట మీదే ఉంది. అలాంటి కోర్సుల్లో చేయించే అభ్యాసం చాలావరకు ముందే శుభ్రం చేసి ఇచ్చిన పట్టికల మీద జరుగుతుంది. టాబ్లోతో పాటు వచ్చే సూపర్‌స్టోర్ నమూనా డేటా మీద చేసిన డాష్‌బోర్డు (చార్టులన్నీ ఒకేచోట చూపించే తెర) ఎన్ని దరఖాస్తుల్లో కనిపిస్తుందో నియామకాలు చేసేవాళ్లను అడగండి. అసలు డేటా అలా ఉండదు. ఒకే కొనుగోలుదారు పేరు మూడు రకాలుగా రాసి ఉంటుంది. తేదీలో రోజు, నెల తారుమారై ఉంటాయి. రెండు పట్టికలు కలిపితే ఒక్క ఆర్డరు రవాణా ఖర్చు, అందులో ఎన్ని వస్తువులుంటే అన్నిసార్లు లెక్కలోకి వస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు చూడటానికి చాలా అందంగా ఉంటుంది. ఒక శాఖ అమ్మకాలు 1000, లాభం 100. అంటే 10 శాతం. ఇంకో శాఖ అమ్మకాలు 100, లాభం 50. అంటే 50 శాతం. లాభ శాతం కాలమ్‌ను చార్టులోకి లాగి సగటు ఎంచుకుంటే 30 శాతం అని పెద్ద అక్షరాల్లో వస్తుంది. నిజానికి 1100 అమ్మితే 150 మిగిలింది, అంటే 13.6 శాతం. 30 చూపించే చార్టుకూ 13.6 చూపించే చార్టుకూ రంగుల్లో, ఫాంటులో, శీర్షికలో ఏ తేడా ఉండదు. సాఫ్ట్‌వేర్ హెచ్చరించదు కూడా. ముందు మొత్తాలు కూడి ఆ తర్వాత భాగించాలని మనిషికి తెలిసి ఉండాలి. పవర్ బీఐలో దానికి మెజర్ రాస్తారు, టాబ్లోలో కాలిక్యులేటెడ్ ఫీల్డ్ అంటారు. ఎక్కడ నొక్కాలో నేర్పడానికి మూడు నెలలు కూడా అక్కర్లేదు. ఈ 30ని చూడగానే ఏదో తేడాగా ఉందని పసిగట్టడం నేర్పడమే కష్టం. మీ అమ్మాయి చదివిన అకౌంటెన్సీ ఇక్కడే అక్కరకొస్తుంది. మీరు ఆ చదువును లెక్కలోకే తీసుకోలేదు.

ఏఐ గురించిన భయం నిరాధారం కాదు, మీకు తీపి మాటలు చెప్పను. ఈ శాఖల అమ్మకాలు చూపించు అని మాటల్లో అడిగితే పవర్ బీఐలోని కోపైలట్ అనే ఏఐ సహాయకుడు చార్టు గీసి పెడుతుంది. ఏ డేటాకు ఏ చార్టు నప్పుతుందో సూచించే సదుపాయం టాబ్లోలో అంతకుముందే ఉంది. కాబట్టి కేవలం చార్టు వేయడం వచ్చినవారికి గిరాకీ తగ్గుతుందనే నేను అనుకుంటున్నాను. ఈ ఫ్యాషన్‌ను నమ్మి అంతటితో ఆగిపోయే పిల్లల గురించి నాకు నిజంగానే బెంగ. అడిగిన ప్రశ్న సరైనదేనా, వచ్చిన అంకె నమ్మదగినదేనా అని చూసే పని మాత్రం మనిషి మీదే ఉంటుంది. చార్టులు ఇంత తేలికగా పుట్టుకొస్తున్నకొద్దీ ఆ పని పెరుగుతుంది కూడా.

మీరడిగిన పోలికకు ఎక్కువ చోటు అవసరం లేదు. మైక్రోసాఫ్ట్ వారి పవర్ బీఐ 2015లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. దాని డెస్క్‌టాప్ రూపం ఉచితం, విండోస్ మీదే నడుస్తుంది. ఎక్సెల్ అలవాటున్నవారికి త్వరగా పట్టుబడుతుంది గానీ డాక్స్ (అందులో లెక్కలు రాసే భాష) సూత్రాలు మొదట్లో తికమక పెడతాయి. టాబ్లో స్టాన్‌ఫర్డ్‌లోని పరిశోధన నుంచి పుట్టి 2003లో సంస్థ అయింది, 2019లో సేల్స్‌ఫోర్స్ కొనుక్కుంది. మ్యాక్ మీదా నడుస్తుంది, చార్టును మనకు కావలసినట్టు మలుచుకునే వీలు అందులో ఎక్కువ. ఉచితంగా దొరికే టాబ్లో పబ్లిక్‌లో ప్రచురించిన పని లోకమంతా చూసేదని గుర్తుంచుకోవాలి, ఏ సంస్థ అసలు లెక్కలూ అందులో పెట్టకూడదు. ఒకటి బాగా వచ్చినవారికి రెండోది నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. ఆమె పవర్ బీఐలో ఇంత దూరం వచ్చింది, అందులోనే కొనసాగనివ్వండి.

ఇక మీతో కొంచెం కటువుగా మాట్లాడాలి. ఉత్తరం మొత్తంలో మీ అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. ఆ చార్టు దేని గురించో మీరు రాయలేదు, బహుశా అడగలేదు. రంగులు మార్చడం దూరం నుంచి చూసి తీర్పు చెప్పేశారు. అన్నయ్యగారి అబ్బాయి ప్రస్తావన ఆమె ముందు ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో నేను ఊహించగలను. దయచేసి దాన్ని ఆపండి. అతని ఉద్యోగం ఆమె చేతుల్లో లేదు, ఆమె ఓపిక మాత్రం మీ మాటలతో తరిగిపోతుంది. ఈ రోజు ఆమె పక్కన కూర్చుని, ఈ చార్టు ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందమ్మా అని అడగండి. జవాబు తడబడినా వినండి. ఉద్యోగ ఇంటర్వ్యూలో అడిగేదీ అదే, ఇంట్లో చెప్పడం అలవాటైతే అక్కడ గొంతు వణకదు.

మొదటి ఉద్యోగం గొప్పగా ఉండకపోవచ్చు. రిపోర్టింగ్ అనలిస్టుగా చేరితే నెలాఖరు నివేదికలూ, ఎక్సెల్ షీట్లూ, ఫాంటు పెంచమనీ లోగో జరపమనీ వచ్చే అభ్యర్థనలూ రోజులో చాలా భాగం తినేస్తాయి. ఇది ఆమెకు ముందే తెలిసి ఉండటం మంచిది. చిన్నదైనా సరే, చిందరవందరగా ఉన్న నిజమైన డేటా తీసుకుని, దాన్ని శుభ్రం చేసిన తీరుతో సహా ఒకటి రెండు పనులు చూపించగలిగితే ఆమె దరఖాస్తు గుంపులో కలిసిపోదు. అమ్మకాల వివరాలు అని శీర్షిక పెట్టే బదులు, రెండో త్రైమాసికంలో తగ్గిన అమ్మకాలన్నీ ఒక్క ప్రాంతానివే అని పెట్టడం అలవాటు చేసుకోమనండి.

టాబ్లో శిక్షణకు ఇప్పుడు ఫీజు కట్టకండి. గడువు చూపించి తొందరపెట్టే సంస్థ విషయంలో ఆగి ఆలోచించడమే మంచిది. రాబోయే రెండు మూడు నెలలు ఆమె, డేటాబేస్‌ను అడిగి డేటా తీసుకునే భాష అయిన ఎస్‌క్యూఎల్ మీద పెట్టాలి. ఏ సాఫ్ట్‌వేర్‌లో చార్టు వేసినా, డేటాను బయటికి తీయడానికి ఎక్కువచోట్ల అదే కావాలి, ఉచితంగా నేర్చుకునే వీలూ ఉంది. ఆ తర్వాత టాబ్లో కావాలనిపిస్తే ఆ నిర్ణయం ఆమెనే తీసుకోనివ్వండి.